ఆర్‌లో ‘లేబుల్డ్’ ప్యాకేజీ: వాడొచ్చా?

సర్వే డేటాలో క్యూ17_బి అనే కాలమ్ అంటే ఏమిటో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. దానికి ‘ఇంటి నెలవారీ ఆదాయం’ అని వివరణ (లేబుల్) తగిలించడమే, గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లోని ఈ ప్యాకేజీ పని. ఆ పని చక్కగా చేస్తుంది.

ఒక్క కాలమ్‌కైతే వార్_లేబుల్ అనే ఫంక్షన్ చాలు. వందల కాలమ్స్ ఉంటే పేర్లు, వివరణలు ఒక షీట్‌లో రాసుకుని, పేర్లున్న లిస్ట్‌గా మార్చి సెట్_వేరియబుల్_లేబుల్స్‌లో డాట్ లేబుల్స్ (.labels) అనే ఆర్గ్యుమెంట్‌కి ఇవ్వండి. డేటాలో లేని పేరు ఒక్కటి దొర్లినా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చిరాకే గానీ, స్పెల్లింగ్ తప్పులు అక్కడే దొరికిపోతాయి. లుక్_ఫర్ అయితే లేబుల్‌లోని మాటతో కూడా కాలమ్‌ని వెతికిపెడుతుంది; దీనికోసమే ఇన్‌స్టాల్ చేసుకున్నా నష్టం లేదు.

ఇబ్బందల్లా లేబుల్ నిలవకపోవడం. అది కాలమ్‌కి అంటుకున్న ఒక యాట్రిబ్యూట్ (అదనపు సమాచారం) మాత్రమే. కాలమ్‌ని అంకెలుగా మార్చే యాజ్.న్యూమరిక్ వేస్తే రాలిపోతుంది, బేస్ ఆర్‌లోని (ఏ ప్యాకేజీ లేకుండా వచ్చే ఆర్‌లోని) సబ్‌సెట్ కూడా చాలాసార్లు ఊడగొడుతుంది. పాత డేటా చేతిలో ఉంటే కాపీ_లేబుల్స్_ఫ్రమ్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు. అసలు లేబుల్స్ వేయడం క్లీనింగ్ అంతా అయ్యాక పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. సీఎస్‌వీలో సేవ్ చేస్తే మాత్రం అన్నీ గల్లంతే, ఆర్ సొంత ఫైల్ రకమైన ఆర్‌డీఎస్ వాడండి. స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌కి పంపేదైతే లేబుల్ 80 అక్షరాలు దాటనివ్వొద్దు.