మూడోది ఎప్పుడొస్తుందో గానీ, రెండోదాన్ని సరిగ్గా ఆడారా? రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రివ్యూ

రెడ్ డెడ్ రిడెంప్షన్ అనే కౌబాయ్ వీడియో గేమ్ మూడో భాగం గురించి, దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ గేమ్స్ అధికారికంగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. యూట్యూబ్‌లో ఆ పేరుతో తిరిగే ట్రైలర్లన్నీ అభిమానులు అల్లుకున్నవే. పాత లెక్కలు చూస్తే ఎదురుచూపు ఇంకా చాలా ఉందని తెలిసిపోతుంది. మొదటి రిడెంప్షన్ 2010 మేలో వచ్చింది. తర్వాత 2013లో అదే కంపెనీ ఇంకో సిరీస్, గ్రాండ్ థెఫ్ట్ ఆటోలో జీటీఏ 5. రెడ్ డెడ్ 2 మొదట 2017లో అన్నారు, రెండుసార్లు వాయిదా వేసి 2018 అక్టోబర్ 26న దింపారు. ఇప్పుడు ముందున్నది జీటీఏ 6, దానికి ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19. ఆ పని పూర్తిగా తెమిలాక గానీ గుర్రాల వంతు రాదు.

ఈలోగా చేతిలో ఉన్న గేమ్ తక్కువదేం కాదు. కాకపోతే చాలామంది దీన్ని జీటీఏ ఆడినట్టు ఆడి, "స్లోగా ఉంది బాసూ" అని పక్కన పడేస్తారు. స్లో అన్న మాట నిజమే. తుపాకీకి నూనె పెట్టి తుడవకపోతే దాని పనితనం పడిపోతుంది. మనం ఆడే పాత్ర, దొంగల ముఠాలోని ఆర్థర్ మోర్గన్‌కి తిండి సరిగా పెట్టకపోతే చిక్కిపోతాడు, అతిగా పెడితే లావెక్కుతాడు. ఎత్తు మంచు కొండల మీదికి పల్చటి చొక్కాతో వెళ్తే హెల్త్ కోర్ (ఆరోగ్యం నిల్వ) కరిగిపోతుంది. గుర్రంతో చనువుకి నాలుగు మెట్లున్నాయి. తోమడం, మేపడం, మెడ నిమరడం, ఎక్కువగా దానిమీదే తిరగడం వల్ల ఆ మెట్లు ఎక్కుతారు. జీనుసంచిలో హార్స్ రివైవర్ (కూలిన గుర్రాన్ని లేపే మందు) ఒక్కటైనా ఉండాలి. చెట్టుకి గుద్దుకుని గుర్రం కూలిపోయాక అది లేకపోతే అంతవరకు పెంచుకున్న చనువంతా పోయినట్టే. గుద్దుకుంటారా అంటే, తప్పకుండా గుద్దుకుంటారు.

మొదటి అధ్యాయం కోల్టర్ మంచులో గేమ్ చెప్పిన దారినే నడిపిస్తుంది, అక్కడ ఓపిక పట్టాలి. అసలు గేమ్ రెండో అధ్యాయంలో, ముఠా మకాం వేసే హార్స్‌షూ ఓవర్‌లుక్ క్యాంపుతో తెరుచుకుంటుంది. అక్కడ దిగగానే చేయాల్సిన పని ఒకటుంది. క్యాంపుకి దగ్గర్లోనే లింపనీ అని కాలిపోయిన ఊరు కనిపిస్తుంది. అందులో షెరీఫ్ ఆఫీసు బల్ల కింద ఉన్న పెట్టెలో ఒక బంగారు కడ్డీ దొరుకుతుంది, విలువ 500 డాలర్లు. దాన్ని మామూలు దుకాణాల్లో కొనరు. ముఠాలోని హోసియాతో చేసే మిషన్ తర్వాత ఎమరాల్డ్ రాంచ్‌లో దొంగసొత్తు కొనే ఫెన్స్ అందుబాటులోకి వస్తాడు, అతనికి అమ్మాలి. ముఠాలో అప్పులిచ్చే స్ట్రాస్ వసూలు మిషన్ అయ్యాక క్యాంపు లెడ్జర్ (క్యాంపు బాగుచేయించే ఖర్చుల పుస్తకం) తెరుచుకుంటుంది. ఆ డబ్బుతో ముందు ముఠా నాయకుడు డచ్ బస (220 డాలర్లు), తర్వాత ఆర్థర్ బస (325) బాగుచేయించండి. అప్పుడే ఆర్థర్ బస దగ్గర ఫాస్ట్ ట్రావెల్ మ్యాప్ (దూరపు ఊరికి క్షణంలో చేర్చేది) వస్తుంది. అదీ వెళ్లడానికే. తిరుగు ప్రయాణానికి గుర్రమో, రైలో, బండో చూసుకోవాలి.

మరో 225 పెట్టి తోలుపని సామాను కొంటే క్యాంపు వంటవాడు పియర్సన్ సంచులు కుట్టిపెడతాడు. ఆరు సంచులు పూర్తయ్యాక లెజెండ్ ఆఫ్ ది ఈస్ట్ అనే ఏడోది వస్తుంది. అందులో ఒక్కో వస్తువు 99 దాకా పడుతుంది. ఏడింటికీ తలా ఒక పర్ఫెక్ట్ జింక చర్మం కావాలి. చివరిదానికి కూగర్, తోడేలు చర్మాలు కూడా. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందు బైనాక్యులర్‌తో చూసి మూడు నక్షత్రాలున్న జంతువునే ఎంచుకోవాలి. ఆపైన దాని సైజుకి తగ్గ ఆయుధం వాడాలి. జింకకి విల్లుతో తలకి ఒకే బాణం. కుందేలుకి వార్మింట్ రైఫిల్, ఉడుతకి చిన్న జంతువుల బాణం. ఉడుత మీద రైఫిల్ పేలిస్తే మిగిలేది చర్మం కాదు, చిరుగుపాత.

ఇక తప్పుల సంగతి. పీఎస్4 కంట్రోలర్‌లో మనిషిని పలకరించడానికీ, తుపాకీ గురిపెట్టడానికీ ఒకటే బటన్, ఎల్2. చేతిలో ఆయుధం ఉందని మర్చిపోయి దారిన పోయేవాడికి నమస్కారం పెడదామనుకుంటే తుపాకీ లేస్తుంది. వాడు అరుస్తాడు, ఇంకెవరో చూస్తారు, నిమిషంలో షెరీఫ్ వెంటపడతాడు. ఊళ్లోకి వెళ్లేముందు ఎల్1 ఒకసారి తట్టి (పీసీలో ట్యాబ్) ఆయుధం ఒరలో పెట్టేయడం అలవాటు చేసుకోండి. రెండోది, రైఫిల్ గుర్రం మీదే ఉండిపోవడం. దిగేముందు వెపన్ వీల్‌లో (ఆయుధాల చక్రంలో) ఎంచుకోకపోతే కాల్పుల మధ్యలో చేతిలో పిస్టల్ మాత్రమే ఉంటుంది.

వీటిని సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మిషన్ల తీరు. బయట మైళ్లకొద్దీ స్వేచ్ఛ ఇచ్చిన గేమ్, మిషన్ మొదలవగానే కట్టుతాడు బిగించేస్తుంది. శత్రువుల్ని వెనకనుంచి చుట్టుముడదామని నాలుగడుగులు పక్కకేస్తే మిషన్ ఫెయిల్. మూడో భాగం మొట్టమొదట వదిలించుకోవాల్సిన జబ్బు ఇదే. డబ్బు లెక్క కూడా అంతే. "ఇంకొక్క పెద్ద దోపిడీ చాలు" అని డచ్ ఉపన్యాసాలిస్తుంటే నాలుగో అధ్యాయానికే జేబులో వేల డాలర్లు మూలుగుతుంటాయి.

కథ ఎటు వెళ్లాలన్నదాని మీద అభిమానుల్లో వాదనలున్నాయి. రెండో గేమ్ నడిచేది 1899లో, అంటే మొదటిదానికి 12 ఏళ్లు వెనక. ఇంకా వెనక్కి, 1870ల్లోకి వెళ్లి డచ్, హోసియా కుర్రతనం చూపించాలన్నది ఒక వర్గం మాట. రెండో గేమ్ మొదలయ్యేముందే జరిగిపోయిన బ్లాక్‌వాటర్ పడవ దోపిడీ ఆడించమన్నది వాళ్ల ఇంకో కోరిక. వద్దనే మా మాట. ఆ దోపిడీ గురించి క్యాంపులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పుకోవడంలోనే రుచి ఉంది. కొత్త ముఠా, కొత్త ఊళ్లు పెట్టుకోవడం మేలు.

కొనేవాళ్లకు: పీసీలో 150 జీబీ ఖాళీ కావాలి. కంపెనీ సిఫార్సు జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 12 జీబీ ర్యామ్. టెక్స్చర్లు అల్ట్రాలోనే ఉంచండి, తగ్గిస్తే నేలంతా బురదముద్దలా కనిపిస్తుంది. బదులుగా అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ ఆపేసి, వాటర్ ఫిజిక్స్ సగానికి దించండి. అంచులు నునుపు చేసే ఇంకో పద్ధతి టీఏఏ, దాని మసక నచ్చకపోతే ఎన్విడియా ఆర్టీఎక్స్ కార్డుల్లో డీఎల్ఎస్ఎస్, మిగతావాటిలో ఎఫ్ఎస్ఆర్ 2 ఉన్నాయి. గేమ్ మొదలవకుండానే మూసుకుపోతుంటే డాక్యుమెంట్స్‌లోని గేమ్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో ఎస్‌జీఏ అక్షరాలతో మొదలయ్యే ఫైళ్లు తీసేసి మళ్లీ తెరవండి. గ్రాఫిక్స్ సెట్టింగ్ వల్కన్‌లో ఉండి కుదుపులొస్తే డైరెక్ట్ఎక్స్ 12కి మార్చి చూడండి. పీఎస్4 డిస్క్‌ని పీఎస్5లో ఆడినా వేగం 30 ఫ్రేములే.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్‌వి పెట్టుకోండి, ఆ అమెరికా దక్షిణాది యాసలో సగం మాటలు చెవికి అందవు. ఆన్‌లైన్ కోసమే అయితే డబ్బు పెట్టకండి, ఇక పెద్ద అప్‌డేట్లు ఉండవని 2022 జులైలోనే చెప్పేశారు. పూర్తి ధరకీ అవసరం లేదు, సేల్‌లో బాగా తగ్గుతుంది. 2010 నాటి మొదటి భాగం కూడా 2024 అక్టోబర్‌లో పీసీకి వచ్చింది. రెండూ ఆడనివాళ్లు రెండోదానితోనే మొదలుపెట్టండి. ఎపిలోగ్ (ముగింపు భాగం) అయిన మర్నాడే మొదటిది పెట్టుకుంటే, దాని హీరో జాన్ మార్స్టన్ ముఖంమీది గాట్లు ఎక్కడివో తెలిసే ఉంటుంది.