అంబాసిడర్ 1489 పెట్రోల్ ఇంజిన్ ఫుల్ ప్యాకింగ్ సెట్: రెండు రకాల ముక్కలు తప్ప అన్నీ వాడుకోవచ్చు

అంబాసిడర్ అన్నాక ఆయిల్ కారక మానదని చాలామంది మెకానిక్కులు ముందే తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆర్టీసీ గ్యారేజీలో లీలాండ్ ఇంజిన్లు విప్పి బిగించి రిటైరైనవాణ్ణి. బండి కింద అట్టముక్క పరుచుకుని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. అందుకే మా 1978 మార్క్ 3 అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ని కిందికి దించి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న ఫుల్ ప్యాకింగ్ సెట్‌తో (ఆయిల్, నీళ్లు కారకుండా ఇంజిన్ భాగాల మధ్య పెట్టే గాస్కెట్లు, సీళ్లు) మొత్తం మళ్లీ కూర్చాను. సెట్ మీద కంపెనీ పేరు లేదు. అక్కడే దొరికే చవక సెట్‌కి ఇది దాదాపు రెట్టింపు ధర. ఆ తేడా ఎక్కువగా హెడ్ ప్యాకింగ్‌లోనే (సిలిండర్ హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య పెట్టేది) కనిపించింది.

ముందు దాని సంగతి. రాగిరేకు నున్నగా ఉంది, నీటి కన్నాలు బ్లాకు మీద పెడితే సరిగ్గా కలిశాయి, టాప్, ఫ్రంట్ ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. పేస్ట్ ఏమీ రాయకుండా పొడిగానే పెట్టి, 11 నట్లూ మధ్య నుంచి బయటికి విడతలు విడతలుగా టార్క్ రెంచ్‌తో బిగించాను. ఇంజిన్ వేడెక్కి చల్లారాక మరోసారి చూసుకున్నాను. ఇంకో మాట లేకుండా ఇది మంచి సరుకు. కానీ పాత ప్యాకింగ్ గీకేటప్పుడు జాగ్రత్త. ఆ కాలపు హెడ్ ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి గీకండి, గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి పొడి లేపకండి. గ్యారేజీల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. పిల్లలు ఆ దుమ్ములోనే కూర్చుని పనిచేస్తుంటారు.

పక్కన పడేసినవాటిలో మొదటిది ఇంజిన్ ముందు వైపు ఉండే టైమింగ్ కవర్ ఆయిల్ సీల్. గోరుతో నొక్కితే పెదవి వంగాలి, ఇది చెప్పు అట్టలాగా గట్టిగా ఉంది. ఎన్నాళ్లు గోడౌన్‌లో పడి ఉందో. వెర్నియర్‌తో మూడు కొలతలు తీసుకుని, బేరింగుల కొట్టులో అదే సైజు కొత్త సీల్ కొన్నాను. ఇక్కడ సీల్‌తోనే పని అయిపోదు. క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే పుల్లీ మెడ దాని పెదవికి రాసుకుంటూ తిరుగుతుంది. ఇన్నేళ్ల రాపిడికి ఆ మెడ మీద వేలికి తగిలేంత గాడి పడుతుంది. ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ ఆ గాడిలోంచి దారి చూసుకుంటుంది. లేత్ దగ్గర మెడకి పలచని స్టీలు తొడుగు వేయించాను. తర్వాత కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీకి ఆయిల్ రాసి సీల్‌లోకి దూర్చి, కవర్ తనంతట తాను మధ్యకి వచ్చాక అప్పుడు బోల్టులు బిగించాను. ఈ వరస తప్పితే సీల్ ఓ పక్కకి నొక్కుకుపోయి త్వరగా అరిగిపోతుంది.

రెండోది సైడ్ కవర్ల కార్క్. ఈ ఇంజిన్‌లో వాల్వుల్ని కదిలించే ట్యాపెట్ల దగ్గర బ్లాకు పక్కన రెండు రేకు కవర్లుంటాయి. సరిగ్గా వాటి పైనే పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఆ వేడికి కార్క్ ఎండి గుల్లవుతుంది. మానిఫోల్డ్ విప్పితే తప్ప చెయ్యి దూరదు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోరు. పక్క నుంచి కారిన ఆయిల్ వెనక్కి పాకితే, క్రాంక్ వెనక నుంచి వస్తోందని చెప్పి గేర్‌బాక్స్ దించమంటారు. సెట్‌లో వచ్చిన ముక్కలు పలచగా ఉన్నాయి. కొద్దిగా వంచగానే అంచు రాలిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో రబ్బరు కలిసిన కార్క్ షీటు తీసుకుని, కవర్‌నే అచ్చుగా పెట్టి కోయించాను. చవకే, పైగా గట్టిగా కూర్చుంది.

చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ మాత్రం బాగుంది. పొడిగా నిలవుండటంతో కాస్త ముడుచుకుని కన్నాలు కలవలేదు. తడిగుడ్డలో చుట్టి ఉంచితే సాగి సరిపోయింది. అసలు పని చాంబర్ రేకుది. ప్రతి బోల్టు కన్నం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది, ఎవరో కారుతోందని బలమంతా పెట్టి బిగించినందువల్ల. అంచు కింద దిమ్మ పెట్టి సుత్తితో సున్నితంగా కొట్టి చదును చేయాలి. స్కేలు ఆనించి వెలుతురులో చూస్తే ఉబ్బు ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది.

సిలికాన్ పేస్ట్ నేను అనాబాండ్ 666 వాడాను. అదీ బేరింగ్ క్యాప్ బ్లాకుని కలిసే మూలల్లో, అర్ధచంద్రాకారపు కార్క్ ముక్కల కొసల దగ్గర, బఠాణీ గింజంత. అంతకు మించి పూస్తే లోపలికి పిండుకుని, ఊడి, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. బిగించాక ఒక రోజు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి. పెట్రోల్ తగిలే చోట సిలికాన్ వద్దు, ఉబ్బి ఊడొస్తుంది.

ఇక వెనక వైపు. సెట్‌లో క్రాంక్ వెనక సీల్ లేదని కొట్టువాడితో గొడవపడకండి. ఇంగ్లండ్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ రకానికి చెందిన ఈ ఇంజిన్‌కి అక్కడ రబ్బరు సీలే లేదు. ఇదే 1489 సీసీ ఇంజిన్‌తో ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారు నడిచింది, దానికీ లేదు. క్రాంక్ మీద మరలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అది ఆయిల్‌ని లోపలికి తోసేస్తుంది. ఇంజిన్ ఆపాక తోసేదేమీ ఉండదు కాబట్టి బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) అడుగు నుంచి ఓ బొట్టు పడితే అది లోపం కాదు. ధారగా కారితే మాత్రం మొదట సైడ్ కవర్ మీది బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) విప్పి చూడండి. మాది లోపల నల్లటి మడ్డితో సగానికి పైగా పూడిపోయింది. గాలి పోయే దారి లేకపోతే లోపలి ఒత్తిడి ఆ గాడిలోంచే ఆయిల్‌ని బయటికి నెడుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి కడిగాను. సెట్‌కి పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా కాని ఈ పని వల్లే వెనక తడి చాలావరకు తగ్గింది.

ఇప్పుడు టైమింగ్ కవర్, సైడ్ కవర్లు, చాంబర్ అంచు అన్నీ పొడిగా ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లొచ్చాక గుడ్డతో తుడిచి చూశాను, దుమ్మే అంటింది.

కొనేటప్పుడు ఉత్తగా అంబాసిడర్ సెట్ అని అడగొద్దు. 1489 సీసీలో డీజిల్ కూడా ఉంది, తర్వాత వచ్చిన ఇసుజు 1.8 పెట్రోల్ పూర్తిగా వేరే ఇంజిన్. ‘1489 పెట్రోల్’ అని రెండు మాటలూ చెప్పండి. కౌంటర్ దగ్గరే కవర్ విప్పించి, సీల్‌ని గోరుతో నొక్కి, సైడ్ కవర్ కార్క్‌ని కాస్త వంచి చూశాకే డబ్బివ్వండి.