వర్డ్ ఫైలును మార్చేటప్పుడు: ప్లెయిన్ టెక్స్టా, మార్క్‌డౌనా?

చక్కగా దిద్దుకున్న వ్యాసాన్ని ప్లెయిన్ టెక్స్ట్‌గా (అక్షరాలు తప్ప అలంకరణ ఏదీ ఉండని ఫైలుగా) సేవ్ చేయగానే పేరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వర్డ్‌లో పేరాల మధ్య కనిపించిన ఖాళీ మనం ఎంటర్ కొట్టి పెట్టింది కాదు, పేరా స్టైల్ (వర్డ్‌లోని రూపురేఖల సెట్టింగ్) ఇచ్చింది. టెక్స్ట్ ఫైలులో స్టైల్‌కు చోటు లేదు.

ఖర్చు: వర్డ్ ఉంటే ప్లెయిన్ టెక్స్ట్‌కు వేరే ఏమీ అక్కర్లేదు. మార్క్‌డౌన్ అంటే శీర్షికలు, జాబితాలను #, - లాంటి గుర్తులతో చూపే టెక్స్ట్ ఫైలు. దానికి ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పాన్‌డాక్ అనే ప్రోగ్రామ్ కావాలి, అదీ ఉచితమే.

శ్రమ: మొదటిది 'సేవ్ యాజ్'తో అయిపోతుంది. రెండోదానికి కమాండ్ టైప్ చేయాలి.

శీర్షికలు: ప్లెయిన్ టెక్స్ట్‌లో మామూలు లైన్లలో కలిసిపోతాయి. పాన్‌డాక్ 'హెడింగ్ 1' స్టైల్‌ను # గుర్తుగా మారుస్తుంది. అక్షరాలు బోల్డ్ చేసి, సైజు పెంచి శీర్షిక అనుకుంటే మాత్రం దానికి తెలియదు. అందుకే స్టైల్స్ వాడమని అందరికీ గట్టిగా చెబుతాను.

జాబితాలు: అసలు చిక్కు ఇక్కడే. ట్యాబ్‌తో జరిపిన లైను ఒక ఎడిటర్‌లో 4 అక్షరాల దూరం, మరోదాంట్లో 8 కనిపిస్తుంది. స్పేస్‌లైతే, సమాన వెడల్పు ఫాంట్‌లో ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. మార్క్‌డౌన్‌లో ఆ జరుపుకే అర్థం ఉంది: ఉప అంశం పై అంశపు అక్షరాల కిందికి రావాలి. మామూలు పేరాను 4 స్పేస్‌లు జరిపితే అది ప్రోగ్రామ్ కోడ్‌లా కనిపిస్తుంది!

రిస్క్: టెక్స్ట్‌గా సేవ్ చేసేటప్పుడు వర్డ్ అడిగితే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతి) ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు కావచ్చు. పాన్‌డాక్ ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే రాస్తుంది.

మెయిల్‌లో అతికించే రెండు పేరాలకు ప్లెయిన్ టెక్స్ట్ చాలు. అంచెలంచెల జాబితాలున్న మాన్యువల్‌కు, మళ్లీ వర్డ్‌లోకి తేవాల్సిన ఫైలుకు మార్క్‌డౌనే.