జెనెటిక్స్ 'షార్ట్ ట్రిక్స్' ప్యాక్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

నీట్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లు, వాళ్లకి మెటీరియల్ కొనిపెట్టే అమ్మానాన్నలు, అక్కలు, అన్నలు కాస్త ఆగండి. "జెనెటిక్స్ లెక్క ఏదైనా పది సెకన్లలో" అంటూ ఇన్‌స్టాలో తెగ తిరుగుతున్న వీడియోలు, పీడీఎఫ్‌ల ప్యాక్ ఒకటి ఉంది. పేరు రాయను, యాడ్ చూసినవాళ్లకి అర్థమైపోతుంది. లాంగ్ టర్మ్ చేస్తున్న మా చెల్లికి 1,499 రూపాయలు పెట్టి కొన్నాం. అచ్చుతప్పులే అయితే ఈ పోస్టు రాసేదాన్నే కాదు. అందులో ప్రాబబిలిటీ నేర్పే పద్ధతే తప్పు.

ఫ్రీ శాంపిల్‌లో చూపించే పేజీలన్నీ పొడుగు బఠానీ మొక్క, పొట్టి బఠానీ మొక్క, 3:1. అంతవరకు ఎవరైనా సరిగ్గానే చెప్తారు. అసలు సరుకు డబ్బు కట్టాకే బయటపడుతుంది.

పెడిగ్రీ (ఒక లక్షణం కుటుంబంలో తరతరాలుగా ఎలా వస్తోందో చూపే వంశవృక్షం) చాప్టర్‌లో ఒక లెక్క చూడండి. ఒకమ్మాయికి ఆల్బినిజం (చర్మానికి, జుట్టుకి రంగు లేకపోవడం; తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు అందితేనే వస్తుంది) లేదు, అమ్మానాన్నలకీ లేదు, తమ్ముడికి ఉంది. ఆ అమ్మాయి క్యారియర్ (తనకి జబ్బు లేకపోయినా దాని జన్యువు ఒకటి మోసే మనిషి) అయ్యే అవకాశం ఎంత? ప్యాక్‌లో జవాబు 1/2. పునెట్ స్క్వేర్‌లో (తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో ఎలా కలవొచ్చో చూపే గళ్ల పట్టికలో) నాలుగు గళ్లు, రెండు క్యారియర్ గళ్లు, అయిపోయింది అంటారు. తమ్ముడికి వచ్చిందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లే, అక్కడిదాకా కరెక్టే. కానీ ఆ అమ్మాయికి ఆల్బినిజం లేదని ప్రశ్నలోనే చెప్పేశారు కదా! ఆల్బినిజం ఉన్న గడిలో ఆమె ఉండే ప్రసక్తే లేదు, ఆ గడి కొట్టేయాలి. మిగిలేవి మూడు, అందులో క్యారియర్ గళ్లు రెండు. జవాబు 2/3.

అక్కడితో పోదు. తర్వాతి ప్రశ్నలో ఆ అమ్మాయి సరిగ్గా అలాంటి ఇంటి అబ్బాయినే, అంటే తనకి ఆల్బినిజం లేకుండా చెల్లికి ఉన్నవాడిని పెళ్లి చేసుకుంటుంది. వాళ్ల మొదటి బిడ్డకి ఆల్బినిజం వచ్చే అవకాశం 2/3 × 2/3 × 1/4, అంటే 1/9. వీళ్లు 1/2 × 1/2 × 1/4 వేసి 1/16 అని పసుపు రంగు డబ్బాలో పెట్టారు. పేపర్ సెట్ చేసేవాళ్లకి పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో బాగా తెలుసు కాబట్టి ఆప్షన్లలో ఆ 1/16 ఉండే తీరుతుంది. నాలుగు మార్కులు పోయి, పైన ఒకటి మైనస్.

వర్ణాంధత లెక్కల్లో ఇంకో మాయ. తండ్రి చూపు మామూలే, తల్లి క్యారియర్. పుట్టబోయే బిడ్డ వర్ణాంధత ఉన్న కొడుకు అయ్యే అవకాశం అడిగితే 1/4. పుట్టింది కొడుకే అని చెప్పి, అతనికి వర్ణాంధత ఉండే అవకాశం అడిగితే 1/2. వీళ్ల ట్రిక్ ఏంటంటే "క్యారియర్ తల్లి కనిపిస్తే కళ్లు మూసుకుని 25 శాతం". ప్రశ్న చదవక్కర్లేదట!

లింకేజ్ (ఒకే క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువులు ఎక్కువగా కలిసే పిల్లలకి వెళ్లడం) దగ్గర కూడా గుడ్డిగా గుణించేశారు. విడివిడి అవకాశాలను గుణించాలంటే ఆ జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పంచబడాలి. మోర్గాన్ అనే శాస్త్రవేత్త డ్రోసోఫిలా (పండ్ల ఈగ) క్రాస్‌లో పసుపు శరీరం, తెల్ల కన్ను జన్యువుల మధ్య రీకాంబినెంట్లు (ఆ రెండూ విడిపోయి కొత్త కలయికతో పుట్టినవి) 1.3 శాతమే అని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనే ఉంది. వీళ్లు మాత్రం ఆ రెండింటి టెస్ట్ క్రాస్‌కి (రెండు లక్షణాల్లోనూ రిసెసివ్ అయిన జీవితో చేసే క్రాస్‌కి) కూడా, అవి విడివిడిగా పంచబడతాయన్నట్టు, 1:1:1:1 వేశారు.

నాకు నిజంగా ఒళ్లు మండింది మాత్రం ఒక వీడియో చూసి. అమ్మానాన్నలిద్దరూ తలసేమియా క్యారియర్లు, నలుగురు పిల్లలు. "ఒకరికి జబ్బు వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురూ సేఫ్" అని బోర్డు మీద రాసి మరీ చెప్తాడు. ప్రతి కాన్పుకీ అవకాశం మళ్లీ 1/4 నుంచే మొదలవుతుంది, ముందు పుట్టినవాళ్లతో దానికి పనిలేదు. నలుగురిలో కచ్చితంగా ఒక్కరికే జబ్బు ఉండే అవకాశం 4 × 1/4 × 27/64, అంటే 27/64. సుమారు 42 శాతం. ఒక్కరికీ రాకపోయే అవకాశం 81/256, అది సుమారు 32 శాతం. ఇది మార్కులతో పోయే తప్పు కాదు. తలసేమియా ఉన్న బిడ్డ ఉన్న ఇంట్లో ఎవరైనా ఆ వీడియో చూసి, రెండో బిడ్డకి కడుపులో ఉండగా టెస్టు అక్కర్లేదనుకుంటే?

వాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో చెల్లి ఆ 2/3 లెక్క వివరంగా రాసి అడిగింది. కాసేపటికి మెసేజ్ డిలీట్ చేశారు. మళ్లీ అడిగితే "ట్రిక్ ఫాలో అవ్వమ్మా, లాజిక్ ఎగ్జామ్‌లో అడగరు" అని రిప్లై. రీఫండ్ అడిగితే డిజిటల్ ప్రొడక్ట్‌కి రీఫండ్ లేదన్నారు. ఆ ముక్క పేమెంట్ పేజీ అడుగున, బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంది.

ఈ ప్యాకే కాదు, ఇలాంటిది ఏది కొన్నా శాంపిల్‌గా మోనోహైబ్రిడ్ (పొడుగు, పొట్టి లాంటి ఒకే లక్షణం చూసే) పేజీలు తీసుకోకండి. పెడిగ్రీ సొల్యూషన్స్ ఉన్న పేజీ ఒకటి పంపమనండి. "జబ్బు లేని తోబుట్టువు క్యారియర్ అయ్యే అవకాశం" అన్న లెక్క వెతికి, జవాబు 1/2 అని ఉంటే డబ్బు కట్టకండి. ఇప్పటికే కొన్నవాళ్లకి బ్లడ్ గ్రూపుల చాప్టర్ పనికొస్తుంది, అందులో మేం చూసిన లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. పెడిగ్రీ, సెక్స్ లింకేజ్ (వర్ణాంధత లాంటి లెక్కలు ఉండేది) చాప్టర్లు మాత్రం పాత నీట్ పేపర్ల అఫీషియల్ కీతో సరిచూసుకోకుండా చదవకండి.