ఉద్యోగం చేసుకుంటూ ఎన్‌పీటీఈఎల్: తిరుపతి నుంచి కొన్నేళ్ల వాడకం మీద సమీక్ష

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ మళ్ళీ చదవాలని ఉంటే, కోచింగ్ ఫీజుల జోలికి పోకముందు ఎన్‌పీటీఈఎల్ చూడండి. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ పాఠాలు ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ చదువుల వెబ్‌సైటు స్వయం పోర్టల్‌లో ఉన్నాయి. చేరడానికి పైసా కట్టక్కర్లేదు, వయసు ఎంతని ఎవరూ అడగరు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నేను కోర్సుకు 1000 రూపాయల లెక్కన కడుతూ వచ్చాను. కట్టేముందు ఆ సెమిస్టర్ నోటీసు ఒకసారి చూసుకోండి.

ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా తేలింది ఒకటే: మనిషిని చదివించేది వీడియో కాదు, వారం వారం ఇచ్చే అసైన్‌మెంటు. పాత కోర్సుల వీడియోలు గడువు లేకుండా ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గడువు లేదు కాబట్టే చాలామంది రెండో వారం దాటరు. జనవరిలోనో జూలైలోనో మొదలయ్యే కోర్సులో చేరితే గడువు వెంటపడి చదివిస్తుంది.

కోర్సులు 4, 8, 12 వారాలవి ఉంటాయి. వారానికి దాదాపు రెండున్నర గంటల పాఠం, అరగంట ముక్కలుగా. షాపు కట్టేసి ఇంటికొచ్చాక రోజుకొకటి చూసినా శుక్రవారానికి అయిపోతాయి. మొదటిసారి 12 వారాలది వద్దు. తొలి రెండు వారాలు తేలిగ్గానే సాగి, మూడు నాలుగు వారాలకు లెక్కలు ఒక్కసారిగా బిగుస్తాయి. అందుకే చేరేముందు కోర్సు పేజీలో ముందుగా ఏం తెలిసుండాలో రాసిన వాక్యం తప్పక చదవండి. ఇంటర్ లెక్కలు మరిచిపోయినవాళ్ళు వాటిని ఒక నెల తిరగేసి చేరడం మేలు.

అసైన్‌మెంటు గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. గడువు లోపల ఎన్నిసార్లైనా మార్చి పంపొచ్చు, చివరగా పంపినదే లెక్క. ఆదివారమే తెలిసినంత వరకు జవాబులు టిక్కు పెట్టి సబ్మిట్ నొక్కేయండి, తప్పులనిపించినవి బుధవారం దిద్దుకోండి. టిక్కులు పెట్టి సబ్మిట్ నొక్కకుండా పేజీ మూసేస్తే సున్నా. నొక్కాక మీరు చివరిసారి పంపిన తేదీ, సమయం అక్కడ కనిపిస్తాయి. అది కనిపించేదాకా పేజీ వదలొద్దు. ఒకటికి మించి సరైన జవాబులున్న ప్రశ్నల దగ్గరే మార్కులు ఎక్కువ పోతాయి. ఒక్కటి దొరికిందని ఆగకుండా నాలుగు ఆప్షన్లనూ విడివిడిగా నిజమా కాదా అని తేల్చుకోవాలి.

మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 8 వారాల కోర్సులో బాగా వచ్చిన 6 అసైన్‌మెంట్లు, 12 వారాల దాంట్లో 8 లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి ఒకటి రెండు వారాలు డ్యూటీలో పడి తప్పినా మునిగిపోయేదేం లేదు. కానీ 25కి కనీసం 10, 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. ఒకదాంట్లో బాగా వచ్చిందని రెండోదాన్ని వదిలేస్తే సర్టిఫికెట్ రాదు.

మన ఊరికి సంబంధించి ఒక మాట. జూలై బ్యాచ్ చివరి వారాలు, పరీక్షలు శ్రీవారి బ్రహ్మోత్సవాల రోజులకు దగ్గరపడతాయి. తిరుమల డ్యూటీలుండేవాళ్ళు, లాడ్జీలు, హోటళ్ళు నడిపేవాళ్ళు జనవరి బ్యాచ్ తీసుకోవడం మంచిది. జూలైలోనే చేరాలంటే పరీక్ష తేదీ ముందే చూసుకోండి.

లోటు ఏమిటంటే భాష. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే, అదీ ఒక్కో ప్రొఫెసరు ఒక్కో యాసలో చెబుతారు. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు ఉన్నాయి గానీ నాణ్యత ఒకేలా ఉండదు. పాఠం రాతప్రతి దించుకుని, అది చూస్తూ వీడియో వింటే సగం కష్టం తగ్గుతుంది. ఇంజనీరింగు, కంప్యూటర్లు, మేనేజ్‌మెంటు కాకుండా డిగ్రీ స్థాయి సబ్జెక్టులు కావాలంటే అదే స్వయంలో సీఈసీ (యూజీసీ కింది సంస్థ), ఇగ్నో కోర్సులు, స్కూలు స్థాయికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) కోర్సులు ఉన్నాయి. నెట్ సరిగ్గా లేని పల్లెల్లో డీడీ ఫ్రీ డిష్‌లో వచ్చే స్వయంప్రభ పాఠాల టీవీ ఛానెళ్ళు పనికొస్తాయి.

పరీక్ష కేంద్రానికి వెళ్ళి కంప్యూటర్ మీద రాయాలి. కోర్సులో చేరిన మెయిల్‌తోనే పరీక్షకూ నమోదు చేసుకోండి. ఫారంలో ఇచ్చిన పేరు, ఫోటోనే సర్టిఫికెట్ మీద అచ్చవుతాయి, అందుకని ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయండి. కేంద్రాల్లో సీట్లు పరిమితం. ఆఖరి రోజు దాకా ఆగితే ఇక్కడ రాయాల్సిన పరీక్షకు నెల్లూరో చెన్నైయో పోవాల్సి రావచ్చు.