రిచీ స్ట్రీట్‌లో పాత ఫైళ్ళ మార్పిడి: గుర్తింపు భేష్, భద్రత అంతంతమాత్రం

చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో, మేడమీద నడిచే ఒక చిన్న డిజిటైజేషన్ దుకాణానికి మా ఇంటి పెళ్ళిళ్ళ వీసీడీలు (వీడియో సీడీలు), పెదనాన్నగారి హరికథలున్న రియల్‌ఆడియో అనే పాతరకం శబ్ద ఫైళ్ళు ఇచ్చాను. యజమాని నెల్లూరు వారు కావడంతో మాట ఇబ్బంది లేదు. డిస్కుకు 150 రూపాయలు తీసుకుంటారు.

ఆయనను మెచ్చుకోవలసింది ఏ ఫైలు ఏ రకానిదో గుర్తించే విషయంలోనే. వీసీడీ నుంచి కాపీ చేసిన డీఏటీ ఫైళ్ళకు (వీసీడీలో వీడియో ఉండేది వీటిలోనే) ఎవరో ఏవీఐ అని, మరో రకం వీడియో ఫైలు పేరుకు మార్చి పెట్టిన ఫోల్డరు ఒకటి మా దగ్గర ఉంది. ఆయన ఆ పేరును నమ్మకుండా ఫైలును, అందులోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి వరుస చూపించారు. తొలి నాలుగు బైట్లలో ‘ఆర్ఐఎఫ్ఎఫ్’ అనే అక్షరాలు ఏవీఐలోనూ, వీసీడీ ఫైలులోనూ ఉంటాయి కనుక అక్కడితో తేలదు. తొమ్మిదో బైటు నుంచి ‘సీడీఎక్స్ఏ’ అని కనబడితే అది వీసీడీదే. లోపలున్నది ఎంపెగ్-1 పద్ధతిలో కుదించిన వీడియో కాబట్టి, ఆర్ఐఎఫ్ఎఫ్ అనే పై తొడుగు తీసేస్తే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా మామూలు ఎంపెగ్ ఫైలు చేతికి వస్తుంది.

ఇంత తెలిసిన మనిషి చివరికి ఇచ్చింది మాత్రం హెచ్.264 అనే మరో కుదింపు పద్ధతిలోకి మార్చిన ఎంపీ4లు. 352×288 పిక్సెళ్ళ బొమ్మను 1920×1080కి పెంచడంతో వివరం కొత్తగా చేరలేదు సరికదా, 4:3 చట్రం అడ్డంగా సాగి పెళ్ళికూతురి ముఖం గుమ్మడికాయలా తయారైంది. హరికథలను ఎంపీ3గా మార్చారు. రియల్‌ఆడియో అసలే శబ్దంలో కొంత వదిలేసి కుదించే పద్ధతి కాగా, దానిమీద ఎంపీ3 మరికొంత వదిలేస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి ప్రోగ్రాముతో, శబ్దంలో ఏదీ వదలని ఫ్లాక్ రూపంలోకి మార్చి ఉంటే ఫైలు పెద్దదయ్యేది గానీ కొత్త నష్టం ఉండేది కాదు. అన్నిటికంటే నచ్చనిది, మూల ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో అసలు వేయకపోవడం. ఫోనులో చూసుకోవడానికి ఎంపీ4 చాలు, కాదనను. కానీ రేపు ఇంతకంటే మంచి డీకోడర్ (కుదించిన ఫైలును విప్పే ప్రోగ్రాము) వస్తే దానికి ఇవ్వవలసింది మూల ఫైలునే.

అడిగిన మీదట మూల ఫైళ్ళను విడి ఫోల్డరులో, ఒక్కోదాని ఎండీ5 సంఖ్యతో (ఫైలు మారిందో లేదో సరిచూసుకునే గుర్తు) సహా, అదనపు రుసుము లేకుండానే ఇచ్చారు, సాగిన వీడియోలను సరిచేశారు. అందుకే ఐదుకు మూడున్నర. అడగనివారికి ఆ ఫోల్డరు దక్కదు గనుక, డిస్కులు ఇచ్చేటప్పుడే రసీదు మీద రాయించుకోవాలి. గీతలు పడి చదవడానికి వీలుకాని డిస్కుకు మాత్రం డబ్బు తీసుకోలేదు.