పొడుచుకొచ్చిన ఛాతీకి బ్రేస్: రెండు ఎండాకాలాల వాడకం తర్వాత

రొమ్ము ఎముక ముందుకు పొడుచుకొచ్చిన మా అబ్బాయికి హన్మకొండలో కొలతలిచ్చి చేయించిన ఛాతీ బ్రేస్ గురించి ఈ సమీక్ష. ముందొక మెత్త, వెనకొక మెత్త, రెండింటినీ పక్కల నుంచి బిగించే అల్యూమినియం పట్టీలు, నిర్మాణం ఇంతే. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి అతిగా పెరగడం వల్ల ఈ ఎత్తు వస్తుందని, అది ఇంకా వంగే వయసులోనే రోజులో ఎక్కువ గంటలు ఒత్తిడి నిలిపితే ఛాతీ క్రమంగా చదునవుతుందని డాక్టరు వివరించారు. లోపలికి గుంటపడిన ఛాతీకి మాత్రం ఇది పనికిరాదు.

ఎత్తు చాలావరకు తగ్గింది; చొక్కా విప్పడానికి సిగ్గుపడిన పిల్లవాడు ఇప్పుడు ఈతకు వెళ్తున్నాడు. వరంగల్ ఎండల్లో మెత్తల కింద చెమట పట్టి చర్మం ఒరుసుకుపోయేది. లోపల నూలు బనియన్ వేసి, మధ్యాహ్నం మార్చడంతో ఆ బాధ తగ్గింది. బ్రేస్ తీశాక ఎరుపు త్వరగా పోకపోతే పట్టీ వదులు చేయించాలి. ఒళ్లు పెరిగేకొద్దీ మళ్లీ సరిచేయించక తప్పదు.

అయితే ఈ వైద్యంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది కొలతలకు ముందు జరిగిన విచారణ. మా మామగారిదీ ఇలాంటి ఛాతీయే. ఈ లక్షణం కుటుంబాల్లో కనిపించడం అరుదేమీ కాదు. పిల్లవాడు బాగా పొడుగ్గా, సన్నగా ఉండి, చాచిన చేతుల పొడవు ఎత్తును మించితే మార్ఫన్ సిండ్రోమ్ అనే జన్యు వ్యాధిని అనుమానించాలి. అందులో గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని ఉబ్బే ప్రమాదం ఉంది. దాన్ని ఎకో (గుండె స్కానింగ్) పరీక్షలో కనిపెట్టగలరు, బ్రేస్ దానికేమీ చేయలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి మార్ఫన్ ఉన్నా ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి, "మాది మేనరికం కాదు కదా" అని ధీమాగా ఉండటానికి వీల్లేదు. మేనరికంతో ముప్పు పెరిగే హోమోసిస్టిన్యూరియా అనే జన్యు వ్యాధి వేరు. అందులోనూ మార్ఫన్‌లో లాగే ఇలాంటి శరీరమే, కంటి కటకం జారడమే కనిపిస్తాయి గానీ రక్తపరీక్షలో తేడా తెలుస్తుంది.

మా వాడికి ఎకో, కంటి పరీక్ష రెండూ సవ్యంగా వచ్చాకే బ్రేస్ కట్టారు. ఆ పరీక్షలు అడగకుండా నేరుగా సైజు చెప్పి అమ్మేవారి దగ్గర దీన్ని కొనవద్దని తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాను. ఛాతీ చదునైంది కదా అని ఒక్కసారిగా తీసేయకూడదు. ఎదుగుదల ఆగేదాకా రాత్రిపూట కొనసాగించమన్నారు, మేమూ అలాగే కడుతున్నాం.